మూత్రపిండపు గుట్టు వెదికిన మార్సెల్లో మాల్పీగీ

ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ఆ పేరు బొద్దింక పాఠంలోనే ఎదురవుతుంది. కీటకాల శరీరంలోని వ్యర్థాలను బయటకు పంపే సన్నని పసుపు దారాల వంటి నిర్మాణాలను మాల్పీజియన్ నాళికలంటారు. మానవ చర్మంలోని ఒక పొరకూ, ప్లీహంలోని కణుపులకూ, మూత్రపిండంలో రక్తం వడకట్టబడే సూక్ష్మ దేహాలకూ అదే పేరు. మన పాఠ్యపుస్తకాలు ఆంగ్ల ఉచ్చారణను అనుసరించి మాల్పీజీ అని రాసినా, ఇటలీ వారి నోట ఆయన మాల్పీగీ. ఒకే వ్యక్తి పేరు శరీరంలో ఇన్ని చోట్ల నిలవడం వైద్యచరిత్రలో అరుదు. తన పరిశోధన రోగులకు ఎందుకూ కొరగాదన్న నిందను ఆయన జీవితాంతం మోయవలసి వచ్చిందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

మార్సెల్లో మాల్పీగీ 1628 మార్చిలో ఉత్తర ఇటలీలోని బొలోన్యా నగరానికి సమీపంలో ఉన్న క్రెవల్‌కోరె అనే ఊరిలో జన్మించారు. అది పోపు పాలనలోని ప్రాంతం. గుండె ఒక పంపులా పనిచేస్తుందనీ, రక్తం శరీరమంతటా చక్రంలా తిరిగి వస్తుందనీ ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వీ తన గ్రంథాన్ని ప్రకటించినదీ ఆ సంవత్సరమే. హార్వీ సిద్ధాంతంలో ఒక వెలితి మిగిలింది. ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఏ దారిన వెళుతుందో ఆయన చూడలేకపోయారు. ఆ దారిని చూడవలసిన కళ్లు ఆ ఏడే తెరుచుకున్నాయి.

ఎనిమిది మంది సంతానంలో మాల్పీగీ పెద్దవారు. 1646లో బొలోన్యా విశ్వవిద్యాలయంలో చేరారు. మూడేళ్లకే తల్లి, తండ్రి, నాయనమ్మ కన్నుమూయడంతో చదువు ఆపి ఇంటి బాధ్యత తలకెత్తుకోవలసి వచ్చింది. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఒక దరికి చేర్చి మళ్లీ పుస్తకం పట్టి, 1653లో వైద్యంలోనూ తత్త్వశాస్త్రంలోనూ పట్టం పొందారు. ఆయన గురువు బార్తొలొమెయో మస్సారి కొద్దిమంది శిష్యులను తన ఇంట చేర్చి జంతు శరీరాలను కోసి పరిశీలించేవారు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ రాసినదే వేదమని తరగతి గదుల్లో చదివిన కుర్రవాళ్లకు, రాత కన్నా చూపు గొప్పదన్న పాఠం ఆ ఇంట్లో దొరికింది. గురువు చెల్లెలు ఫ్రాంచెస్కాను మాల్పీగీ వివాహమాడారు. వారికి సంతానం కలగలేదు.

1656లో పీసా విశ్వవిద్యాలయం ఆయనను ఆచార్యునిగా పిలిచింది. అక్కడ గణితవేత్త బొరెల్లితో ఏర్పడిన స్నేహం ఆయన ఆలోచనను మలుపు తిప్పింది. శరీరాన్ని ఒక యంత్రంగా, చిన్న చిన్న భాగాల కూర్పుగా చూడడం బొరెల్లి నేర్పారు. అవయవం ఏం చేస్తుందో తెలియాలంటే దాని అతి చిన్న భాగం ఎలా కట్టబడి ఉందో ముందు తెలియాలి. దానికి సాధనం సూక్ష్మదర్శిని. పీసా గాలి ఒంటికి పడక మూడేళ్లకే బొలోన్యాకు తిరిగి వచ్చిన మాల్పీగీ 1661లో కప్ప ఊపిరితిత్తులను కటకాల కింద పరిశీలించారు. కప్ప ఊపిరితిత్తి పలుచని, పారదర్శకమైన సంచి వంటిది. కుక్కలోనో గొర్రెలోనో కనిపించనిది అందులో కనిపించింది. ధమని చివరనూ సిర మొదలునూ కలిపే వెంట్రుకల వంటి సన్నని నాళాలు, వాటిలో పరుగెత్తే రక్తం. ఇవే కేశనాళికలు. హార్వీ అప్పటికి నాలుగేళ్ల కిందటే మరణించారు. ఆయన విడిచిన లంకెను మాల్పీగీ కలిపారు.

మూత్రపిండం కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది. మూత్రం మూత్రాశయంలో కాక మూత్రపిండంలో తయారవుతుందని గేలెన్ కాలానికే తెలుసు. జంతువుల మూత్రనాళాలను దారంతో బిగించి కట్టి ఆయన ఆ విషయాన్ని నిరూపించారు. కానీ ఎలా తయారవుతుందన్నదానికి గేలెన్ ఇచ్చిన సమాధానం ఒక మాట మాత్రమే. రక్తంలోని నీటి భాగాన్ని లాక్కునే శక్తి ఆ అవయవానికి ఉందన్నారు. శక్తి అన్న పదం వాడితే ప్రశ్న తీరినట్టు అనిపిస్తుంది గానీ తీరదు. మూత్రపిండం గట్టి మాంసపు ముద్ద అన్న నమ్మకం పదిహేను వందల ఏళ్లు సాగింది. 1662లో పీసాలో బొరెల్లి శిష్యుడు లొరెంజో బెల్లీని, పంతొమ్మిదేళ్ల కుర్రవాడు, మూత్రపిండాన్ని కోసి అది ముద్ద కాదనీ, లెక్కలేనన్ని సన్నని గొట్టాల కట్ట అనీ చూపాడు. గొట్టాల చివర నొక్కితే మూత్రపు రుచి గల ద్రవం వచ్చింది. మరి ఆ గొట్టాల్లోకి ద్రవం ఎక్కడి నుంచి వస్తున్నది?

బొరెల్లి సిఫారసు మీద సిసిలీలోని మెస్సీనాలో నాలుగేళ్లు ఆచార్యునిగా ఉండి, 1666లో మాల్పీగీ సొంత ఊరికి చేరుకున్నారు. అదే ఏడు కాలేయం, మెదడు, మూత్రపిండం, ప్లీహం నిర్మాణాలపై ఆయన గ్రంథం వెలువడింది. మూత్రపిండం గురించిన భాగం పరిమాణంలో చిన్నదే. ఆయన ఎన్నో జంతువుల మూత్రపిండాలనూ, మనిషి మూత్రపిండాలనూ పచ్చిగానూ, ఉడకబెట్టీ చూశారు. చివరకు మద్యసారంలో కలిపిన నల్లని సిరాను మూత్రపిండ ధమనిలోకి ఎక్కించారు. సిరా నిండి ఉబ్బిన మూత్రపిండాన్ని నిలువునా చీల్చగా, వెలుపలి వల్కలంలో ధమని కొమ్మల చివర నల్లని నలుసులు బయటపడ్డాయి. చెట్టు కొమ్మలకు పండ్లు వేలాడుతున్నట్టుగా అవి రక్తనాళాలకు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి సుమారు 0.2 మిల్లీమీటరు. ఒక్కో మూత్రపిండంలో అవి దాదాపు పది లక్షలని నేటి లెక్క.

రక్తం నుంచి మూత్రం వేరుపడే చోటు ఇదేనని మాల్పీగీ ఊహించారు. ఊహను నిరూపించాలంటే ఆ నలుసుకూ బెల్లీని గొట్టానికీ మధ్య దారి చూపాలి. ధమనిలోకి ఎక్కించిన సిరా నలుసు దాటి గొట్టంలోకి రాలేదు. బతికి ఉన్న కుక్కకు సిరనూ మూత్రనాళాన్నీ కట్టివేసి, ఆ తర్వాత మూత్రపిండాన్ని కోసి చూశారు. నలుసులు ఉబ్బి ఎర్రబడ్డాయి, లంకె మాత్రం కనిపించలేదు. కనిపించని దాన్ని కనిపించిందని ఆయన రాయలేదు. దారి ఉండి తీరాలని తర్కం చెబుతున్నదనీ, కంటికి మాత్రం అందలేదనీ ఒప్పుకున్నారు. ఆయన శాస్త్రజీవితంలో అన్నిటికన్నా గౌరవించదగిన పుటలు బహుశా ఇవే. అయితే ఆ నలుసులను ఆయన గ్రంథులుగా భావించారు. అందులో పొరపాటు ఉంది. అవి గ్రంథులు కావు, ఉండలా చుట్టుకున్న కేశనాళికల గుచ్ఛాలు. కప్ప ఊపిరితిత్తిలో తాను మొదట చూసిన నాళాలే ఇక్కడా ఉన్నాయని ఆయనకు తెలియలేదు.

ఆ దారి దొరకడానికి మరో 176 ఏళ్లు పట్టింది. 1842లో లండన్‌లో పాతికేళ్ల విలియం బౌమన్ మెరుగైన సూక్ష్మదర్శినితో పరిశీలించి, గొట్టం మొదలే గిన్నెలా విచ్చుకుని ఆ గుచ్ఛాన్ని తనలో పొదువుకుంటుందని నిరూపించారు. దాన్నే నేడు బౌమన్ గుళిక అంటున్నాం. అదే సంవత్సరం జర్మనీలోని మార్బుర్గ్‌లో కార్ల్ లుడ్విగ్ పని తీరును సూచించారు. రక్తపీడనం వల్ల ద్రవం గుచ్ఛంలో వడకట్టబడుతుందనీ, గొట్టం వెంట పోతూ అందులో చాలా భాగం తిరిగి రక్తంలోకి పోతుందనీ ఆయన వాదన. గుచ్ఛం నుంచి నీరు మాత్రమే వస్తుందనీ, తక్కినవి గొట్టపు గోడలు స్రవిస్తాయనీ బౌమన్ అభిప్రాయం. ఈ తగవు 1924 దాకా నడిచింది. ఫిలడెల్ఫియాలో వెర్న్, రిచర్డ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెంట్రుక కన్నా సన్నని గాజు సూదిని ఒక్క గుళికలోకి దింపి, అక్కడి ద్రవాన్ని పీల్చి పరీక్షించారు. మాంసకృత్తులు లేవు. చక్కెర ఉంది, లవణం ఉంది. మూత్రాశయంలోని మూత్రంలో ఆ చక్కెర లేదు. అంటే వడపోతా నిజమే, తిరిగి పీల్చుకోవడమూ నిజమే. వారు వాడిన ప్రాణి కూడా కప్పే కావడం విశేషం.

నేటి అవగాహన ప్రకారం గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు, అంటే నిమిషానికి లీటరుకు పైగా, మూత్రపిండాల గుండా పోతుంది. గుచ్ఛంలోకి రక్తాన్ని తెచ్చే నాళం వెడల్పు, బయటకు తీసుకుపోయే నాళం ఇరుకు. అందుచేత లోపల పీడనం పెరిగి నీరు, లవణాలు, చక్కెర, యూరియా పలుచని పొర గుండా గుళికలోకి చెమరుస్తాయి. రక్తకణాలు, పెద్ద మాంసకృత్తులు దాటలేవు. ఇలా నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్ల ద్రవం ఏర్పడుతుంది. శరీరంలోని రక్తద్రవం మూడు లీటర్లే కనుక అది రోజుకు అరవై సార్లు వడకట్టబడుతున్నట్టు లెక్క. పండగ ముందు ఇల్లు దులిపేటప్పుడు సామానంతా వాకిట్లో పెట్టి, కావలసినవి ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకుని, చెత్తను అక్కడే వదిలేసే పద్ధతి వంటిది ఇది. గొట్టం మొదటి మలుపుల్లోనే చక్కెర మొత్తం, నీటిలోనూ ఉప్పులోనూ మూడింట రెండు వంతులు రక్తానికి తిరిగి చేరతాయి. మిగిలిన నీటిలో ఎంత నిలుపుకోవాలో ఎంత వదలాలో హార్మోన్లు నిర్ణయిస్తాయి. ఎండాకాలంలో మూత్రం చిక్కబడడం అందువల్లనే. కొన్ని ఆమ్లాలనూ, మందుల అవశేషాలనూ గొట్టపు గోడలు తామే లోపలికి నెడతాయి. ఆ మేరకు బౌమన్ మాటలోనూ కొంత నిజం ఉంది. చివరకు 180 లీటర్లలో మూత్రంగా వెలువడేది లీటరున్నర.

మాల్పీగీకి ఇవేవీ తెలియవు. 1669లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకుంది. పట్టుపురుగు, కోడిగుడ్డులోని పిండం, మొక్కల నిర్మాణం, ఒకదాని వెంట ఒకటిగా ఆయన గ్రంథాలను ఆ సంస్థ ప్రచురించింది. విదేశంలో కీర్తి పెరిగిన కొద్దీ సొంత ఊరిలో శత్రుత్వం ముదిరింది. దాని వేళ్లు పొలం గట్టు తగవులో ఉన్నాయి. మాల్పీగీ కుటుంబానికీ పొరుగున ఉన్న స్బరాల్యా కుటుంబానికీ సరిహద్దు వివాదం. 1659లో మాల్పీగీ తమ్ముడు వీధి ఘర్షణలో ఆ ఇంటి పెద్ద కొడుకును చంపి శిక్షకు గురయ్యాడు. హతుని తమ్ముడు జిరోలామో స్బరాల్యా వైద్యుడై అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

1684లో ఇల్లు తగలబడి కాగితాలు, సూక్ష్మదర్శినులు బూడిదయ్యాయి. 1689లో ముసుగులు ధరించిన మూక ఆయన పల్లెటూరి నివాసంపై దాడి చేసింది. అదే సంవత్సరం స్బరాల్యా ఒక విమర్శ ప్రకటించాడు. సూక్ష్మ నిర్మాణాల వేట వల్ల ఒక్క రోగమైనా నయమైందా, ఒక్క మందైనా పుట్టిందా అన్నది దాని సారాంశం. పాత పగ ఉన్నంత మాత్రాన ప్రశ్న పనికిమాలినది కాదు. ఆ నాటికి దానికి మాల్పీగీ చూపగల సాక్ష్యమూ ఏమీ లేదు. ఏ భాగం ఏ పని చేస్తుందో తెలియకుండా చేసే వైద్యం చీకటిలో తడుములాటేనని ఆయన సుదీర్ఘమైన జవాబు రాశారు. నేడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండ వ్యాధిగ్రస్తుని రక్తంలో క్రియాటినిన్ కొలిచి వైద్యులు లెక్కగట్టేది, ఆ గుచ్ఛాలు నిమిషానికి ఎంత వడకట్టగలుగుతున్నాయన్నదే. మూత్రంలో ఆల్బుమిన్ కనిపిస్తే ఆ వడపోత పొర దెబ్బతిన్నదని గ్రహించేదీ ఆ నిర్మాణం తెలిసినందువల్లనే.

బొలోన్యాలో తన పరిచయస్థుడైన కార్డినల్ పిన్యతెల్లి 1691లో పన్నెండవ ఇన్నోసెంట్ పోపుగా ఎన్నికై, మాల్పీగీని తన వైద్యునిగా రోముకు రప్పించుకున్నారు. అప్పటికే ఆయన ఒంట్లో సత్తువ లేదు. గుండెదడ, కీళ్లవాతంతో పాటు మూత్రపిండాల్లో రాళ్లు ఆయనను ఏళ్ల తరబడి వేధించాయి. 1694లో భార్య మరణించింది. అదే ఏడాది నవంబరు చివర క్విరినాల్ ప్రాసాదంలో పక్షవాతపు పోటుతో ఆయన తుదిశ్వాస విడిచారు.

శిష్యుడు జోర్జో బల్యీవి మృతదేహాన్ని కోసి పరీక్షించాడు. మెదడులో గడ్డకట్టిన రక్తం, పెరిగిన గుండె కనిపించాయి. ఎడమ మూత్రపిండం మామూలుగానే ఉంది. కుడిది దానిలో సగమే ఉంది. భౌతికకాయాన్ని బొలోన్యాకు తరలించి ఖననం చేశారు. స్బరాల్యాకు ఆయన రాసిన జవాబు 1697లో, మరణానంతర రచనలతో పాటు, లండన్‌లో అచ్చయింది.