వాడ గోడ మీది బొమ్మ – బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితం

మన చిత్తూరు జిల్లా పల్లెల్లో ఊరు ఒకవైపు ఉంటే, ఆది ఆంధ్రవాడో, హరిజనవాడో, అరుంధతివాడో మరోవైపు ఉంటుంది. మధ్యలో ఒక రోడ్డో, కాలువో, రెండు చేల దూరమో ఉంటుంది. పట్నాలకు వచ్చినా ఈ విభజన పూర్తిగా పోలేదు. కాలనీ అనే పేరుతో మిగిలింది. కొత్తగా వచ్చిన మనిషికి తాను వాడలో అడుగుపెట్టానని ఎవరూ చెప్పనక్కరలేదు. గోడ మీదనో, కూడలిలోనో కనిపించే బొమ్మే చెబుతుంది. నీలం కోటు, కళ్లజోడు, చేతిలో పుస్తకం, ముందుకు చాచిన చూపుడు వేలు.

వార్షికోత్సవ సంచికలో ఎవరి జీవితం రాయాలని మేము మాట్లాడుకున్నప్పుడు డాక్టర్ భీంరావ్ రాంజీ అంబేద్కర్ పేరే ముందు వచ్చింది. ఆయన గురించి పాఠాల్లో చదువుకున్నాం, ప్రతి ఏప్రిల్ 14న ఉపన్యాసాల్లో వింటున్నాం. కాబట్టి ఈసారి కొంచెం వేరుగా రాద్దామనుకున్నాం. ఆ గోడ బొమ్మలోని కోటు, వేలు, పుస్తకం ఆయన జీవితంలో ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ఆ బొమ్మ రోడ్డుకు ఒకవైపే ఎందుకు ఉండిపోయిందో కూడా ఆలోచిద్దాం.

కోటు

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మౌ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. తల్లి భీమాబాయి. వారి పద్నాలుగో సంతానం ఈయన. మహర్ కులంలో పుట్టినందువల్ల సతారా బడిలో మిగతా పిల్లలతో కలిసి కూర్చోనివ్వలేదు. ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని దాని మీద కూర్చుని, సాయంత్రం దాన్ని మళ్లీ ఇంటికి తీసుకుపోవాలి. దాహం వేస్తే కుళాయి ముట్టుకోకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు. ప్యూను లేని రోజు నీళ్లూ లేవు.

తొమ్మిది, పదేళ్ల వయసులో అన్నతో, బంధువుల పిల్లలతో కలిసి తండ్రిని చూడడానికి కోరేగావ్ బయలుదేరారు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలను చూసి స్టేషను మాస్టరు మొదట ఆదరంగా మాట్లాడాడు. కులం తెలియగానే ముఖం తిప్పుకున్నాడు. బండివాళ్లు ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు బాడుగ ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు. అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానన్న షరతు మీద. దారి పొడవునా తాగడానికి నీళ్లు దొరకలేదు. మంచి బట్ట వేసుకున్నా మనిషిగా చూడరని ఆ పసివాడికి ఆ రోజే అర్థమైంది.

1907లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఉపకార వేతనంతో 1912లో బి.ఏ. పూర్తి చేశారు. 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, 1915లో ఎం.ఏ. పట్టా పొంది, 1916లో లండన్ చేరారు. స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో తిరిగి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. అంత చదివిన మనిషికి ఆ పట్నంలో ఉండడానికి గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పేరు మార్చుకుని దిగితే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. పోవడానికి చోటు లేక తోటలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు. అయినా చదువు ఆపలేదు. 1920లో మళ్లీ లండన్ వెళ్లి, 1921లో ఎం.ఎస్సీ., 1923లో డి.ఎస్సీ. సాధించారు. బారిష్టరు కూడా అయ్యారు.

అందుకే గోడ మీది కోటు షోకు కోసం వేసింది కాదు. మంచి బట్ట కట్టే హక్కు లేదన్న సమాజానికి అది జవాబు. 1927 డిసెంబరులో మహాడ్ సభకు వచ్చిన ఆడవాళ్లకు కూడా ఆయన ఇదే బోధించారు. కులాన్ని తెలిపే కట్టు మానేసి, నిండుగా, శుభ్రంగా చీర కట్టుకోమన్నారు.

చూపుడు వేలు

ఆ వేలు దేన్ని చూపిస్తున్నదని చిన్న తరగతుల తమ్ముళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. మా దృష్టిలో అది మొదట చూపించింది ఒక చెరువును.

కొలాబా జిల్లా మహాడ్ పట్నంలో చవదార్ చెరువు ఉంది. పశువులు కూడా అక్కడ నీళ్లు తాగేవి. అంటరానివారు మాత్రం తాగకూడదు. మున్సిపాలిటీ ఆ చెరువును అందరికీ తెరిచినట్టు తీర్మానం చేసినా అది కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు దోసిట పట్టి తాగారు. ఆ తర్వాత తిరిగి వెళుతున్న జనం మీద దాడులు జరిగాయి. చెరువు మైల పడిందని శుద్ధి చేశారు. కోర్టు వ్యవహారం పదేళ్లు నడిచి, 1937లో బొంబాయి హైకోర్టులో అంటరానివారి పక్షాన ముగిసింది.

1927 డిసెంబరు 25న అదే మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. 1930 మార్చిలో నాసిక్ కాలారాం గుడి ముందు సత్యాగ్రహం మొదలైంది. 1930 నుంచి లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో అణగారిన వర్గాల గొంతు వినిపించారు. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం జరిగింది. ఆయన కోరిన ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. వాటికి బదులు రాష్ట్ర శాసనసభల్లో 148 రిజర్వుడు స్థానాలు వచ్చాయి.

పుస్తకం

బొమ్మలోని పుస్తకం భారత రాజ్యాంగం. 1947 ఆగస్టు 29న ఏర్పడిన రచనా సంఘానికి ఆయన అధ్యక్షులు. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించింది, 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. పదిహేనో అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని ఉంది. ఒక దేశ రాజ్యాంగంలో బావులు, చెరువుల మాట ఎందుకు వచ్చిందో మహాడ్ చరిత్ర చదివితే తెలుస్తుంది.

బొమ్మలో లేనివి

గోడ మీద చోటు తక్కువ. అందుకే ఆయన జీవితంలో చాలా భాగం ఆ బొమ్మలోకి రాలేదు. వాటిలో మనకు దగ్గరిది హాస్టల్. 1924లో ఆయన బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. ఆ సభ తొలి పనుల్లో ఒకటిగా 1925లో షోలాపూర్‌లో అణగారిన కులాల విద్యార్థులకు హాస్టల్ తెరిచింది. మహాడ్ చెరువుకు రెండేళ్ల ముందే హాస్టల్ వచ్చిందన్నమాట. నీళ్ల హక్కు అడిగే మనిషి తయారవ్వాలంటే ముందు చదువుకునే పిల్లవాడికి తిండి, నీడ కావాలని ఆయనకు తెలుసు. మెట్రిక్ తర్వాత చదివే షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పుడు ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెరిచారు.

1942 నుంచి 1946 వరకు కార్మిక శాఖ ఆయన చేతిలో ఉంది. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని అనే చట్ట సవరణ 1946లో వచ్చింది. మన నగరిలో మరమగ్గాల మీద బతికే కుటుంబాలు ఏ కులం వారైనా ఈ సంగతి తెలుసుకోవాలి. ఆడపిల్లలకు ఆస్తిలో వాటా, విడాకుల హక్కు ఇచ్చే హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనందుకు 1951లో న్యాయశాఖ మంత్రి పదవికే రాజీనామా చేశారు. ఆ బిల్లు వాడ ఆడపిల్లల కోసం మాత్రమే తెచ్చింది కాదు.

కన్నీటి భాగం కూడా బొమ్మలో కనిపించదు. ఆయన, రమాబాయి దంపతులకు ఐదుగురు పిల్లలు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు. రమాబాయి 1935లో కన్నుమూశారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందితో కలిసి బౌద్ధం స్వీకరించిన అంబేద్కర్, ఆ తర్వాత రెండు నెలలు కూడా నిండకుండానే డిసెంబరు 6న ఢిల్లీలో మరణించారు.

బొమ్మ గోడ మీదికి వచ్చిన తీరు

1967 ఏప్రిల్ 2న పార్లమెంటు ఆవరణలో అంబేద్కర్ కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. చేతిలో రాజ్యాంగం, ముందుకు చాచిన వేలు ఆ విగ్రహంలో ఉన్నాయి. ఆవిష్కరించిన రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ మన నగరి పక్కనున్న తిరుత్తణిలో పుట్టినవారు. మన వాడల్లో కనిపించేదీ ఆ భంగిమే.

మన రాష్ట్రంలో ఈ బొమ్మ ఊరూరా నిలబడడానికి వెనుక రక్తం ఉంది. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. మహాడ్ జరిగి 58 ఏళ్లయింది, రాజ్యాంగం వచ్చి 35 ఏళ్లయింది. ఐనా మళ్లీ చెరువే. ఆ తర్వాత దళిత మహాసభ ఏర్పడింది. 1990లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. 1991లో శతజయంతి జరిగింది. అదే ఏడాది ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. ఆ ఏళ్లలో వాడల్లో విగ్రహాలు లేచాయి, సున్నం కొట్టిన గోడల మీద నీలం కోటు వెలిసింది. చందాలు వేసుకుని నిలబెట్టినవి ఎన్నో. మేమూ మనుషులమే, ఈ వీధి మాది అని చెప్పడానికి వాడకు అదొక సంతకమైంది.

ఇలా గోడలతో మాట్లాడే ఊళ్లు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో ప్రొటెస్టెంట్లకు, కాథలిక్కులకు మధ్య 1969 నుంచి అడ్డుగోడలు కట్టారు. ఒకవైపు వీధుల్లో తెల్ల గుర్రం మీద విలియం రాజు బొమ్మ ఉంటుంది. మరోవైపు జైలులో 66 రోజులు నిరాహార దీక్ష చేసి 1981లో మరణించిన బాబీ శాండ్స్ బొమ్మ ఉంటుంది. బొమ్మ చూస్తే వీధి ఎవరిదో తెలిసిపోతుంది. 1998లో శాంతి ఒప్పందం కుదిరాక తుపాకుల బొమ్మలు చాలావరకు చెరిపి కొత్తవి గీశారు. గోడ మీది బొమ్మ మారాలంటే ముందు మనుషుల మధ్య ఏదో మారాలని ఆ నగరం చెబుతోంది.

మన ముందున్న పని

2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో, 2024 జనవరి 19న విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలు ఆవిష్కరించారు. సంతోషమే. కానీ పల్లెల్లో ఆయన విగ్రహానికి ఇనుప చట్రం బిగించి కాపాడుకోవలసిన చోట్లు ఇంకా ఉన్నాయి. 48 గంటల పని అందరిది. ఆడపిల్ల వాటా అందరిది. ఓటు అందరిది. బొమ్మ మాత్రం వాడది. బెల్‌ఫాస్ట్‌లో రెండు వైపులా వేరు వేరు నాయకులు. మన దగ్గర రెండు వైపులకూ హక్కులు రాసిన మనిషి ఒక్కడే, అయినా ఒకవైపు వారే ఆయన్ను తమవాడు అనుకుంటున్నారు. ఆయనకు దీనికన్నా పెద్ద అన్యాయం లేదని మేము అనుకుంటున్నాం.

ఇందులో మన వంతు కూడా కొంత ఉంది. బొమ్మకు దండ వేసి, ఆయన పుస్తకం ఒక్కటీ తెరవకపోతే మనమూ ఆయన్ను గోడకే పరిమితం చేసినట్టు. ఆయన బొంబాయి దాదర్‌లో కట్టుకున్న ఇల్లు రాజగృహ. పుస్తకాలకు చోటు కావాలని ప్రత్యేకంగా కట్టించుకున్న ఇల్లది. మన హాస్టల్ ట్రంకుపెట్టెలో కూడా ఆయన రాసిన ఒక్క పుస్తకానికి చోటు ఉండాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి ఒకటే. మీలో ఉద్యోగాలు చేస్తున్నవారు, బడుల్లో పాఠాలు చెబుతున్నవారు ఉన్నారు. మీరు పనిచేసే చోట, రోడ్డుకు అవతలివైపు ఉన్నవారికి కూడా ఈ జీవితం చెప్పండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ తరగతిలో ఊరి నుంచి వచ్చే స్నేహితులకు మహాడ్ చెరువు కథ చెప్పండి. చవదార్ చెరువు దగ్గర ఆయన అడిగింది వేరే చెరువు కాదు, అందరితో పాటు అదే చెరువులో నీళ్లు. ఆయన బొమ్మ కూడా అలాగే అందరి గోడల మీదికి రావాలి. అది రంగులతో కాక, చదువుతో, స్నేహంతో జరగవలసిన పని.

జై భీమ్.