వాల్తేరులో పుట్టి... బెంగళూరులో ఒరిగిన తార
బెర్లిన్‌లో సినిమా చదువు. ఫాల్కే అవార్డు అందుకున్న తొలి వ్యక్తి దేవికారాణి

టేకల్: మన టేకల్ స్టేషన్‌లో రోజూ పొద్దున రైలెక్కి బెంగళూరు పనులకు పోయేవాళ్లు ఎందరో. అదే బెంగళూరు శివార్లలో, కనకపుర రోడ్డులోని తాతగుణి ఎస్టేట్‌లో, ఒకప్పుడు దేశమంతా పేరు మోగిన హీరోయిన్ బతికిందంటే చాలామందికి తెలీదు. ఆమే దేవికారాణి. పుట్టింది మన తెలుగు గడ్డ మీదే.

1908 మార్చి 30న విశాఖ దగ్గరి వాల్తేరులో పుట్టారు. బెంగాలీ కుటుంబం. తండ్రి కల్నల్ చౌదురి మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద డాక్టరు. రవీంద్రనాథ్ టాగూరుకు బంధువులు. తొమ్మిదేళ్లకే చదువు కోసం ఇంగ్లండు పంపేశారు. అక్కడ నటన, సంగీతం నేర్చుకుని, బట్టల డిజైన్ల పని చేస్తుండగా 1928లో నిర్మాత హిమాంశు రాయ్ పరిచయమయ్యాడు. మరుసటేడు పెళ్లి.

అవి మూకీల కాలం. జర్మన్లతో కలిసి రాయ్ తీసిన మూకీ 'ఎ త్రో ఆఫ్ డైస్' (1929)లో దేవిక తెర మీద కనపడలేదు. దుస్తులు, సెట్ల పని చూసింది. తర్వాత బెర్లిన్‌లోని ఉఫా స్టూడియోలో మేకప్ నుంచి నటన దాకా నేర్చింది. 1933లో 'కర్మ'తో హీరోయిన్ అయింది.

1934లో దంపతులు బొంబాయి దగ్గర మలాడ్‌లో బాంబే టాకీస్ పెట్టారు. డైరెక్టర్ ఫ్రాంజ్ ఓస్టెన్, కెమెరామన్ జోసెఫ్ విర్షింగ్ జర్మనీ వాళ్లే. 1936లో వచ్చిన 'అఛూత్ కన్య'లో రైల్వే గేటు కాపలాదారు కూతురు, దళిత పిల్ల కస్తూరిగా నటించింది. బ్రాహ్మణ కుర్రాడితో ప్రేమ, కులం అడ్డు, చివరికి రైలును ఆపబోయి ఆ పిల్ల ప్రాణం పోవడం... ఆ రోజుల్లో అంత మాట తెర మీద చెప్పడం చిన్న సంగతి కాదు.

ఒంటి చేత్తో స్టూడియో

1939లో యుద్ధం రాగానే బ్రిటిషోళ్లు జర్మన్లను నిర్బంధించారు. 1940లో భర్త పోయాడు. స్టూడియో భారమంతా ఆమె నెత్తినే పడింది. లోపల వర్గాలు, తగాదాలు. అయినా బండి ఆగలేదు. 1943 నాటి 'కిస్మత్' కలకత్తాలో ఒకే థియేటర్లో మూడేళ్లకు పైగా ఆడింది. యూసుఫ్ ఖాన్ అనే కుర్రాడిని 1944లో 'జ్వార్ భాటా'తో దిలీప్ కుమార్‌గా నిలబెట్టిందీ ఆమే.

1945లో సినిమాలకు దండం పెట్టి, రష్యా చిత్రకారుడు స్వెతొస్లావ్ రోరిక్‌ను పెళ్లాడింది. తర్వాత ఇద్దరూ బెంగళూరు చేరారు. సుమారు 470 ఎకరాల తాతగుణిలో సువాసన నూనెనిచ్చే లినలో చెట్లు పెంచారు. 1958లో పద్మశ్రీ, 1969కి గాను తొలి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు దక్కాయి.

మిగిలింది ఎస్టేట్

పిల్లలు లేరు. 1993 జనవరిలో రోరిక్, 1994 మార్చి 9న దేవికారాణి కన్నుమూశారు. వాళ్లు పోయాక భూమి కోసం వ్యాజ్యాలు ముదిరాయి. 1996లో కర్ణాటక ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసి ఎస్టేట్‌ను తీసుకుంది. ఆ చట్టం చెల్లుతుందని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది.

నూరు మందికి బతుకు చూపిన మనిషి తోటకు వారసులెవరో కోర్టు చెప్పాల్సొచ్చింది. ఈసారి కనకపుర రోడ్డులో పోతే, ఆ చెట్ల వైపు ఒక్కసారి చూడండి. వాల్తేరు బిడ్డ అక్కడే బతికింది.