ఎలీ మెచ్నికోవ్

ఎలీ మెచ్నికోవ్ (1845 - జూలై 15, 1916) రష్యా సామ్రాజ్యంలో జన్మించిన జంతుశాస్త్రవేత్త. శరీరంలో ప్రవేశించిన సూక్ష్మజీవులను తెల్ల రక్తకణాలు మింగివేస్తాయని నిరూపించి, 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

తొలి జీవితం

ఈయన ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్ సమీపాన జన్మించాడు. ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలో ముగించి, తరువాత ఒడెస్సాలో ఆచార్యుడయ్యాడు. మొదటి భార్య 1873లో క్షయవ్యాధితో మరణించింది. విశ్వవిద్యాలయంలోని రాజకీయ కల్లోలం వలన 1882లో ఉద్యోగం వదలి, కుటుంబంతో సిసిలీ ద్వీపంలోని మెస్సీనా పట్టణానికి వెళ్ళాడు.

ముల్లు ప్రయోగం

ఒకనాడు ఇంటివారు సర్కస్ చూడబోగా, మెచ్నికోవ్ ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుని నక్షత్ర చేప డింభకాలను పరిశీలిస్తున్నాడు. వాటి శరీరం పారదర్శకం కనుక లోపల తిరుగాడే కణాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆహారాన్ని మింగే ఈ కణాలే శత్రువును కూడా మింగుతాయేమోనన్న ఊహ ఆయనకు కలిగింది. మనిషి వేలిలో ముల్లు దిగితే అక్కడ చీము పడుతుంది. డింభకంలోనూ అటువంటిదేదో జరగాలి. వెంటనే తోటలోని గులాబీ ముళ్ళు తెచ్చి డింభకాల చర్మం కింద గుచ్చాడు. మరునాటి ఉదయానికి కణాలు ముళ్ళ చుట్టూ మూగి ఉన్నాయి. తరువాత డాఫ్నియా అనే నీటి జీవిలో శిలీంధ్ర బీజాలను కణాలు మింగడం కూడా చూశాడు. ఈ కణాలకు భక్షక కణాలని పేరు వచ్చింది.

వివాదం, పరిష్కారం

1888 నుండి ఈయన పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేశాడు. రోగనిరోధక శక్తి కణాలలో లేదని, రక్తపు ద్రవభాగమైన సీరంలో ఉన్నదని పలువురు జర్మన్ శాస్త్రవేత్తలు వాదించారు. ఈ వివాదం చాలాకాలం సాగింది. నిజానికి ఇరుపక్షాలకూ సగం సత్యమే దొరికింది. సీరంలోని పదార్థాలు సూక్ష్మజీవిపై పూతవలె అంటుకొని, దానిని భక్షక కణం మింగడానికి అనువుగా మారుస్తాయని 1903లో ఆల్మ్‌రాత్ రైట్, స్టీవర్ట్ డగ్లస్ లండన్‌లో చూపించారు.

ఆ పూతను గుర్తించేవి తెల్ల కణం పైపొరలోని గ్రాహకాలని ఆయన మరణానంతరం తెలిసింది. ప్రతిరక్షకం ఒక కొసతో సూక్ష్మజీవిని పట్టుకుంటే, దాని రెండవ కొసను ఒక రకం గ్రాహకం పట్టుకుంటుంది. కాంప్లిమెంట్ అనే సీరం ప్రోటీన్లకు వేరే గ్రాహకాలున్నాయి. ఉత్తేజితం కాని భక్షక కణంలో ఇవి ముఖ్యంగా సూక్ష్మజీవిని అంటిపెట్టుకొనేందుకు తోడ్పడతాయి. మింగమన్న సంకేతం ప్రతిరక్షక గ్రాహకాలనుండి వస్తుంది. ఒక్క గ్రాహకపు పట్టు చాలదు. అనేక గ్రాహకాలు వరుసగా అతుక్కొంటూ పోగా, జిప్పు మూసినట్లు కణపు పొర సూక్ష్మజీవిని చుట్టివేస్తుంది. లోపలి ఆక్టిన్ తంతువులు పొరను ముందుకు నెడతాయి.

చివరి దశ

వార్ధక్యానికి పేగులలోని హానికర సూక్ష్మజీవులు కారణమని భావించి, ఈయన నిత్యం పులిసిన పాలు తాగేవాడు. సామాన్య ప్రజలలో ముళ్ళ ప్రయోగం కంటే ఈ పెరుగు ప్రచారమే ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది. 1916లో పారిస్‌లో మరణించాడు. చితాభస్మం పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో భద్రపరచబడింది.