గలివర్‌ను లంకకు పంపిన పంతులు గారు

గలివర్ కథ చిన్నప్పుడు వినే ఉంటారు. ఓడ మునగడం, బొటనవేలంత మనుషుల దేశం, ఆ తర్వాత తాటిచెట్లంత మనుషుల దేశం. ఆ గలివర్ పేరు మార్చుకుని తెలుగులో కూడా తిరిగాడు. తిప్పింది మన రాజమండ్రి పంతులు గారే, కందుకూరి వీరేశలింగం.

1848 ఏప్రిల్ 16న పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి పోయారు. కోరంగిలో, ధవళేశ్వరంలో బడిపంతులుగా పనిచేశారు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు. అదే ఏడు ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి తెరిచారు. ఆ రోజుల్లో అది చిన్న తెగింపు కాదు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేసరికి ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేస్తే భార్య రాజ్యలక్ష్మి గారు గోదావరి నుంచి తానే నీళ్లు తెచ్చి, అందరికీ వండి పెట్టారు.

ఇంత గొడవలోనూ ఆయన కథలు రాయడం ఆపలేదు. ఉపన్యాసానికి రాళ్లు వేసేవాడు కూడా కథైతే కూర్చుని వింటాడని ఆయనకు తెలిసే ఉండాలి, ఇది నా ఊహ. గోల్డ్‌స్మిత్ నవల ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ నుంచి ప్రేరణ తీసుకుని, కథను ధవళేశ్వరానికి దించి రాజశేఖర చరిత్రం రాశారు. మంత్రాలు, బంగారం చేస్తామనే మోసాలు, ముహూర్తాల పిచ్చి, అన్నీ మన ఇళ్లలోవే. 1887లో అదే కథ ‘ఫార్చూన్స్ వీల్’ పేరుతో ఇంగ్లిష్‌లో లండన్‌లో అచ్చయింది. అక్కడి నుంచి వచ్చిన కథ గోదావరి నీళ్లు తాగి మళ్లీ అక్కడికే వెళ్లిందన్నమాట!

నాకు మాత్రం సత్యరాజా పూర్వదేశయాత్రలే ఎక్కువ ఇష్టం. స్విఫ్ట్ 1726లో గలివర్‌ను రాసింది పిల్లల కోసమే కాదు, తన దేశపు పెద్దలను ఎగతాళి చేయడానికి. పంతులు గారు ఆ కిటుకు పట్టుకున్నారు. ఆయన సత్యరాజు ముందు ఆడుమళయాళం వెళతాడు. అక్కడ పెత్తనమంతా ఆడవాళ్లదే. మన ఊళ్లలో ఆడవాళ్లకు వేసిన కట్టుబాట్లన్నీ అక్కడ మగవాళ్ల మెడకు చుట్టుకుంటాయి. చదువుతున్న మగాడు ముందు నవ్వుతాడు, తర్వాత ఇబ్బందిగా కదులుతాడు. రెండో భాగంలో సత్యరాజు లంక చేరతాడు, అక్కడివాళ్లు మహాకాయులు.

కథల రాకపోకలు పాతవే. మన పంచతంత్రం పహ్లవీ, అరబిక్ భాషల మీదుగా ఐరోపా చేరింది. చిన్నయసూరి మిత్రలాభం, మిత్రభేదం రాసి ఆపేస్తే, మిగిలిన సంధి, విగ్రహాలను తెలుగు చేసింది వీరేశలింగమే. షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ఆయన చేతిలో చమత్కార రత్నావళి అయింది.

1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. రాజమండ్రిలో ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, చూసి రావచ్చు. ఆ తర్వాత సత్యరాజును తెరవండి. పాత భాష కదా, మొదటి పది పేజీలు కాస్త పంటికింద రాళ్లలా తగులుతాయి. ఆడుమళయాళం చేరేదాకా ఓపిక పట్టండి.