వెలుగు పంచిన వడ్రంగి కొడుకు – జేమ్స్ యంగ్

కరెంటు పోయినప్పుడు మనం వెలిగించే కొవ్వొత్తిలో ఇప్పుడు సాధారణంగా కొవ్వు ఉండదు. పేరు మాత్రమే మిగిలింది. పూర్వం పాశ్చాత్య దేశాల్లో బీదవాడి ఇంట పశువుల కొవ్వుతో చేసిన వత్తి పొగ చిమ్ముతూ, వాసన కొడుతూ వెలిగేది. తేనెమైనపు వత్తి కలవారికీ, చర్చిలకే దక్కేది. ఆ తేడాను చెరిపినవారిలో ముఖ్యుడు జేమ్స్ యంగ్.

ఆయన 1811 జులై 13న స్కాట్లండులోని గ్లాస్గోలో వడ్రంగి ఇంట జన్మించారు. పగలు తండ్రి వద్ద పని, రాత్రి ఆండర్సన్ కళాశాలలో రసాయనశాస్త్ర పాఠాలు. ఆచార్యుడు థామస్ గ్రాహం ఆయన ప్రతిభ గమనించి సహాయకునిగా తీసుకున్నారు. తర్వాతికాలంలో ఆఫ్రికా యాత్రలతో పేరుపొందిన డేవిడ్ లివింగ్‌స్టన్‌తో స్నేహం కుదిరింది అక్కడే.

1847లో యంగ్ మాంచెస్టరులో రసాయన కర్మాగారపు ఉద్యోగి. డెర్బీషైర్‌లోని ఒక బొగ్గుగనిలో నూనె ఊరుతోందని మిత్రుడు లయన్ ప్లేఫెయిర్ కబురందించారు. యంగ్ ఉద్యోగం వదలి, ఆ నూనెను శుద్ధిచేసి దీపాలకు, యంత్రాలకు అమ్మసాగారు. కొద్ది ఏళ్లకే ఊట తగ్గిపోయింది. ఉన్న ఉద్యోగం పోయె, నమ్ముకున్న నూనె ఎండె! అయినా ఆయన అధైర్యపడలేదు. బొగ్గును సన్నని సెగపై వేడిచేస్తే అటువంటి నూనే రావచ్చునని పరీక్షలు చేసి సాధించారు. 1850లో పేటెంటు పొంది, బాత్‌గేట్‌లో భాగస్వాములతో కర్మాగారం స్థాపించారు.

ఆ నూనెను చల్లబరిస్తే గడ్డకట్టేది పారఫిన్ మైనం. దాన్ని ఒత్తి, శుభ్రపరిస్తే తెల్లగా, వాసన లేకుండా ఉంటుంది. 1856 నుంచి అది అమ్మకానికి వచ్చింది. ఎండకు వంగిపోకుండా స్టియరిన్ కలిపేవారు. రంగులు కలిపి, అచ్చుల్లో పోసి అందమైన వత్తులు చేయడానికీ అది అనువైనది. తొలుత వాడిన బొగ్గు తరిగిపోగా, షేల్ అనే పలకరాయి నుంచి నూనె, మైనం తీశారు. 1864లో పేటెంటు గడువు తీరగా మరెందరో ఆ పరిశ్రమలో దిగారు. స్కాట్లండులో అది 1962 వరకు సాగింది.

1866లో, 55వ ఏట, యంగ్ వ్యాపారాన్ని ఒక కంపెనీకి అమ్మివేశారు. ఆపై చేసినది మనకు మరీ ముఖ్యం. రాత్రిబడిలో తనకు చదువు చెప్పిన కళాశాలకే అధ్యక్షులై, అక్కడ ఆచార్య పదవికి నిధి ఇచ్చారు. లివింగ్‌స్టన్ యాత్రలకు ధనసహాయం చేశారు. మిత్రుడు 1873లో మరణించగా, ఆయన దేహాన్ని తీరానికి మోసుకొచ్చిన సేవకులు చూమా, సూసీలను తన ఖర్చుతో ఇంగ్లండుకు రప్పించారు. 70 ఏళ్ల వయస్సులో జార్జ్ ఫోర్బ్స్‌తో కలిసి కాంతివేగాన్ని కొలిచారు. ఆ ఫలితాలు తర్వాత నిలవలేదు గాని, ఆ ఉత్సాహం మెచ్చదగినది.

1883 మే 13న యంగ్ కన్నుమూశారు. ఉద్యోగ విరమణతో వత్తి ఆరిపోదనడానికి ఆయన జీవితమే నిదర్శనం.