మెల్లకన్నుకు సాధన నేర్పిన జవాల్

ఎమిల్ జవాల్ 1839లో పారిస్‌లో జన్మించారు. మొదట గనుల ఇంజనీరు. తండ్రికి, సోదరి సోఫీకి మెల్లకన్ను. ఆనాటి ఆపరేషన్‌తో కన్ను అవతలి వైపుకు తిరిగిపోయే ప్రమాదం ఉండేది. అందుకే సోదరికి ఆపరేషన్ వద్దన్నారు. స్టీరియోస్కోపులో ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపి, రెండూ ఒకటిగా కనిపించేలా ఏళ్ళ తరబడి సాధన చేయించారు. వైద్యం చదివి 1868లో డాక్టరయ్యారు. 1896లో మెల్లకన్నుపై గ్రంథం రాశారు. నీటికాసుల వ్యాధి (గ్లకోమా)తో 1900 నాటికి తానే అంధులయ్యారు. అయినా 1903లో, కొత్తగా చూపు పోయినవారి కోసం పుస్తకం వెలువరించారు. 1907లో కన్నుమూశారు.

పామిడిముక్కల తమ్ముళ్ళారా! మన హాస్టళ్ళలో మెల్లకన్ను ఉన్నవాడికి ముందు సొంత పేరు పోతుంది. మెల్లకన్ను అదృష్టమూ కాదు, ఎగతాళీ కాదు. ఆలస్యమైతే మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. అలాంటి తమ్ముణ్ణి వెక్కిరించకండి, కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.