ఇంజనుకు పేరిచ్చిన మేధావి – రుడాల్ఫ్ డీజిల్

ఖుర్సీపార్ ప్రక్కగా సాగు జి. ఇ. రోడ్డుపై పగలనక రేయనక ఉక్కు కడ్డీలను, రేకుల చుట్టలను మోయుచు పెద్ద పెద్ద ట్రెయిలర్లు పోవుచుండును. భిలాయి ఉక్కు కర్మాగారము లోపల, కరిగిన ఇనుము నింపిన పాత్రలను పట్టాలమీద డీజిల్ ఇంజనులు మెల్లమెల్లగా లాగుచుండును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ రొద నిత్యపరిచితము. డీజిల్ అనగా ఒక నూనె పేరని పిల్లలు సైతము చెప్పుదురు. అది ఒక మనుష్యుని పేరనియు, ఆ మనుష్యుడు పేదరికమున పెరిగి, లక్షలు గడించి, తుదకు అప్పులపాలై నడిసముద్రమున అదృశ్యుడయ్యెననియు ఎఱిగినవారు కొలదిమంది మాత్రమే.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతపువారు. తండ్రి థియొడోర్ పుస్తకములకు అట్టలు కట్టు వృత్తి నేర్చినవాడు; పారిస్‌లో తోలు వస్తువులు చేయు చిన్న కర్మశాలను నడపుచుండెను. తయారైన సరకును తోపుడుబండిపై పెట్టుకొని కొనుగోలుదారుల ఇండ్లకు చేర్చు పని బాలుడగు రుడాల్ఫ్‌పై పడెను. ప్రపంచమందలి భారమునంతటిని లాగు ఇంజనును కనిపెట్టనున్నవాడు తన బాల్యమున స్వయముగా బండి త్రోసినవాడే.

1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము వచ్చెను. పారిస్‌లోని జర్మనులు నగరము విడువవలసిన స్థితి యేర్పడినది. ఆ కుటుంబము ఉన్నదంతయు వదలుకొని లండను చేరి దారిద్ర్యమున పడెను. పండ్రెండేండ్ల రుడాల్ఫ్‌ను తల్లిదండ్రులు ఒంటరిగా జర్మనీకి, ఔగ్స్‌బర్గ్ పట్టణమున నున్న బంధువుల ఇంటికి పంపిరి. ఆ ఇంటి యజమాని గణితోపాధ్యాయుడు. అచ్చటి పారిశ్రామిక పాఠశాలలో చదువుచు, తాను ఇంజనీరు కావలెనని బాలుడు పదునాలుగవ యేట నిశ్చయించుకొనెను. త్వరగా ఏదేని పనిలో చేరి నాలుగు రాళ్లు సంపాదించుట మంచిదని ఇంటివారి తలంపు. కాని విద్యార్థివేతనము లభించుటచే 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరగలిగెను. 1879లో తుది పరీక్షల సమయమున టైఫాయిడు జ్వరము పట్టి పరీక్ష తప్పిపోయినను, 1880 జనవరిలో మరల కూర్చుండి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

అచ్చట అతని గురువు కార్ల్ ఫాన్ లిండె. శీతలీకరణ యంత్రములకు ప్రసిద్ధిగాంచిన శాస్త్రవేత్త. ఆవిరి యంత్రము బొగ్గులోని వేడిమిలో నూటికి పదిపాళ్లైనను పనిగా మార్చలేదనియు, మిగిలినదంతయు వ్యర్థమై పోవుచున్నదనియు ఆయన తరగతిలో బోధించెను. ఆ మాట శిష్యుని మనస్సున ముల్లువలె నాటుకొనెను. పది కుండల నీరు తోడి తొమ్మిది కుండలు నేలపాలు చేయునట్టి ఈ యంత్రమునకు బదులు మేలైనది ఉండకపోవునా అను ప్రశ్న అతనిని జీవితాంతము విడువలేదు.

చదువు ముగిసిన పిమ్మట డీజిల్ పారిస్‌లో లిండె సంస్థ తరపున మంచుగడ్డల యంత్రముల పని చూచెను. 1883లో మార్తా ఫ్లాషెను వివాహమాడెను. వారికి ముగ్గురు సంతానము. నీటి ఆవిరికి బదులు అమ్మోనియా ఆవిరితో ఇంజను నడుపవలెనని కొన్నియేండ్లు శ్రమించి విఫలుడయ్యెను. 1890లో కుటుంబముతో బెర్లిను చేరెను. అప్పుడే అతని ఆలోచన క్రొత్త దారి తొక్కినది.

అప్పటికే నికొలౌస్ ఆటో అను మరియొక జర్మను 1876లో నాలుగు అంచెల ఇంజనును నిర్మించి యుండెను. ఆటో కళాశాల చదువు లేనివాడు. కిరాణా సరకుల అమ్మకమునకై ఊరూర తిరిగినవాడు. అతని ఇంజను గ్యాసుతో నడచినది. 1885, 1886 సంవత్సరములలో డైమ్లర్, బెంజ్ అనువారు ఆ పద్ధతిని పెట్రోలునకు అనువుగా మార్చి బండ్లకు అమర్చిరి. ఈ ఇంజనులో పెట్రోలు ఆవిరియు గాలియు ముందే కలిసి సిలిండరులో ప్రవేశించును. పిస్టను ఆ మిశ్రమమును అదుమును. పిదప విద్యుత్తు నిప్పురవ్వ దానిని అంటించును. మిశ్రమమును మితిమీరి అదిమినచో అది రవ్వకై వేచియుండక తనంతట తానే ప్రేలి ఇంజనును దెబ్బతీయును. కావున పెట్రోలు ఇంజనులో అదుముటకు ఒక హద్దు కలదు.

డీజిల్ ఈ హద్దునే తొలగింపదలచెను. గాలిని మాత్రమే సిలిండరులోనికి తీసికొని మిక్కిలి గట్టిగా అదిమినచో దానంతట అదియే కాగిపోవును. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు వేడెక్కుట అందరును చూచినదే. అట్లు కాగిన గాలిలోనికి నూనెను చిమ్మినచో నిప్పురవ్వతో పనిలేకయే అది మండును. ఎంత అధికముగా అదిమిన, వేడిమిలో అంత హెచ్చు భాగము పనిగా మారును. ఈ భావమునకు 1893లో పేటెంటు లభించెను. అదే సంవత్సరమున తన సిద్ధాంతమును గ్రంథరూపమున వెలువరించెను. పెద్ద మిల్లులు మాత్రమే భరింపగల ఆవిరి యంత్రముల పోటీకి చేతివృత్తులవారు చితికిపోవుచున్న కాలమది. చిన్న కర్మశాలలో సైతము చౌకగా నడచు ఇంజను దొరకినచో తన తండ్రివంటి పనివారు నిలద్రొక్కుకొందురని అతని ఆశ.

ఔగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారమును, క్రుప్ సంస్థయు ధనసహాయము చేసెను. 1893 ఆగస్టు 10వ తేదీన తొలి ప్రయత్నమున ఒత్తిడి కొలుచు పరికరము ప్రేలిపోయి డీజిల్ వెంట్రుకవాసిలో ప్రాణాపాయమునుండి తప్పించుకొనెను. అయినను సిద్ధాంతము నిజమని అతనికి ధైర్యము కలిగెను. 1894 ఫిబ్రవరి 17న ఇంజను తనంతట తాను ఒక నిమిషముపాటు మాత్రము తిరిగినది. గ్రంథమున వ్రాసికొన్న ఒత్తిడులు ఆనాటి ఇంజనులు భరింపలేనంతటివి. వానిని ఎంతయో తగ్గించుకొనవలసి వచ్చెను. మరి మూడేండ్ల శ్రమ పిమ్మట, 1897 ఫిబ్రవరిలో, మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ ఆ ఇంజనును పరీక్షించెను. సుమారు 20 అశ్వశక్తుల ఆ ఇంజను నూనెలోని వేడిమిలో నూటికి 26 పాళ్లకు పైగా పనిగా మార్చినట్లు తేలెను. నాటి ఏ ఇంజనునకును ఆ ఘనత లేదు.

పెట్రోలు, డీజిల్ ఇంజనులలో ఏది గొప్పదను వాదము నేటికిని లారీలు నిలుచు ఢాబాలలో వినబడుచుండును. ఈ వాదమున రెండు విషయములు తరచుగా కలగాపులగమగుచుండును. ఇంజను ఇరుసును మెలిత్రిప్పు బలము ఒకటి. దానినే టార్క్ అందురు. అశ్వశక్తి రెండవది. ఆ త్రిప్పుడు బలమును ఇరుసు తిరుగు వేగముతో హెచ్చవేయగా అశ్వశక్తి లెక్కకు వచ్చును. రెండు ఇంజనులును 100 అశ్వశక్తులవే అనుకొందము. నిమిషమునకు 6000 చుట్లు తిరుగునపుడు ఒకటియు, 3000 చుట్లు తిరుగునపుడు మరియొకటియు ఆ శక్తినిచ్చినచో, ఆ వేగములయందు రెండవదాని త్రిప్పుడు బలము మొదటిదానికి రెట్టింపుండును. పెట్రోలు త్వరగా మండును, భాగములు తేలిక, కావున ఆ ఇంజను వడిగా తిరిగి శక్తినిచ్చును. డీజిల్ ఇంజను భాగములు అధిక ఒత్తిడికి ఓర్చుటకై బరువైనవి. నూనె మండుటకు వ్యవధి కావలయును. కావున అది నెమ్మదిగా తిరుగుచు గట్టిగా త్రిప్పును. ఒకటి పందెపు గుఱ్ఱము, మరియొకటి కాడి మోయు ఎద్దు.

గేర్లతో పెట్రోలు ఇంజను బలమును సైతము హెచ్చించుకొనవచ్చును గదా అను శంక న్యాయమైనదే. చక్రమువద్ద లెక్క చూచినచో సమానమైన అశ్వశక్తి గల రెండింటి పనియు సమానమే. కాని నిండు బరువుతో ఘాటు ఎక్కునపుడు పెట్రోలు ఇంజను ఆ శక్తినిచ్చుటకు గంటలకొలది అతివేగముగా గిరగిర తిరుగవలసియుండును. నూనె ఖర్చును, వేడియు, అరుగుదలయు పెరుగును. డీజిల్ ఇంజను తక్కువ చుట్లలోనే కావలసిన బలమునిచ్చి నిబ్బరముగా ఎక్కును. లీటరుకు లీటరు చూచినను డీజిల్ నూనెలో పెట్రోలుకన్న సుమారు పదవ వంతు అధికముగా వేడిమి కలదు. గాలిని బలముగా లోనికి త్రోయు టర్బోచార్జరు చేరినపిదప డీజిల్ ఇంజను బలము మరింత పెరిగినది. అయితే నేటి పెట్రోలు కార్లకును టర్బోచార్జరు వచ్చుటచే చిన్న బండ్లలో ఈ అంతరము చాలవరకు తగ్గినది.

డీజిల్ ఇంజనునకు లోపములు లేకపోలేదు. ధర హెచ్చు, బరువు హెచ్చు, మ్రోత హెచ్చు. మసియు, నైట్రోజన్ ఆక్సైడులును వెలువడును. పల్లమునకు దిగునపుడు యాక్సిలరేటరు వదలిన పెట్రోలు ఇంజను స్వయముగా బండిని కొంత పట్టి నిలుపును. డీజిల్ ఇంజనులో ఆ గుణము స్వల్పము. అందుచేతనే భారీ వాహనములకు ఎగ్జాస్ట్ బ్రేకు ప్రత్యేకముగా అమర్చుదురు.

1897 పరీక్ష పిదప డీజిల్‌కు కనకవర్షము కురిసెను. అమెరికా హక్కులను అడాల్ఫస్ బుష్ అను వ్యాపారి పది లక్షల మార్కులకు కొనెను. మ్యూనిక్‌లో గొప్ప భవనము లేచెను. కాని తొలి ఇంజనులు వినియోగదారులవద్ద తరచుగా చెడిపోయి అపకీర్తి తెచ్చినవి. పేటెంటులో వ్రాసినదొకటి, నిర్మించినది మరొకటియని ప్రత్యర్థులు తగవులాడిరి. ఆ ఒత్తిడికి అతని ఆరోగ్యము చెడి 1898లో వైద్యశాలలో గడపవలసివచ్చెను. నూనె బావుల భూములలోను, స్థలముల వ్యాపారములోను పెట్టిన ధనము కరిగిపోయినది. లోహపు యంత్రములో వేడిమి చుక్కైనను వృథా కారాదని తపించినవాడు తన ధనము వృథాయగుటను ఆపలేకపోయెను.

1900 పారిస్ ప్రదర్శనశాలలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడచినది. రాయలసీమ రైతు పండించు వేరుశనగయే ఇంజనునకును ఆహారము కాగలదని అప్పుడు ఋజువయ్యెను. మొక్కల నూనెలకు భవిష్యత్తు కలదని డీజిల్ కడవరకు విశ్వసించెను. శతాబ్దము గడచిన పిమ్మట ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము రతన్‌జోత్ మొక్కలను విరివిగా నాటించినది ఆ ఆశతోనే. ఆశించిన ఫలితము మాత్రము చేతికి రాలేదు.

చిన్న పనివారికై తలపెట్టిన ఇంజను పెద్దవారి చేతికే చిక్కినది. గాలిని అదిమి దానితో నూనెను చిమ్ముటకు వేరొక యంత్రము కావలసియుండుటచే ఆనాటి డీజిల్ ఇంజను బండిలో ఇముడునది కాదు. ఓడలలోను, జలాంతర్గాములలోను, విద్యుత్కేంద్రములలోను దానికి స్థానము దొరకెను. 1912లో డెన్మార్కువారి సెలాండియా అను ఓడ డీజిల్ బలముతో మహాసముద్రములు దాటినది.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున డీజిల్ ఇంగ్లండునకు పోవుటకై ఆంట్‌వర్ప్ రేవులో డ్రెస్డెన్ అను ఓడ ఎక్కెను. మిత్రులతో భోజనము చేసి, ఉదయము ఆఱుంబావునకు లేపుమని చెప్పి తన గదికి పోయెను. తెల్లవారి చూడగా పడక నలగలేదు. అతని టోపియు, పైకోటును ఓడ అంచున మడతపెట్టి యుండెను. పది దినముల పిమ్మట డచ్చి పడవవారికి సముద్రమున ఒక శవము కనబడెను. వారు జేబులోని వస్తువులను మాత్రము తీసికొని శవమును సముద్రునకే వదలిరి. ఆ వస్తువులు తన తండ్రివేయని కుమారుడు యూజెన్ గుర్తించెను. ప్రయాణమునకు ముందు భార్యకిచ్చిన సంచిలో 20,000 మార్కులుండెను. బ్యాంకు ఖాతాలు దాదాపు శూన్యములు. దినచర్య పుస్తకమున ఆ తేదీకెదురుగా ఒక చిన్న సిలువగుర్తు కనబడెను. శత్రువులు చంపిరను వదంతులెన్ని పుట్టినను, ఋణభారమే అతనిని ముంచెనని చాలమంది చరిత్రకారుల అభిప్రాయము. అప్పటికి వయస్సు 55 సంవత్సరములు.

అతడు చూడని విజయములు పిదప వచ్చినవి. 1924లో జర్మనీలో డీజిల్ లారీలు రోడ్డెక్కెను. 1927లో బాష్ సంస్థ చక్కని నూనె పంపును తయారుచేయుటచే ఇంజను చిన్నదై లారీకిని, ట్రాక్టరుకును సరిపోయినది. భారతదేశమున వారణాసి కర్మాగారమునుండి తొలి డీజిల్ రైలింజను 1964 జనవరిలో వెలువడెను. డీజిల్ ఇంజను నిలిచియున్న స్థితిలో బలమునీయజాలదు. కావున రైలింజనులో అది విద్యుత్తును పుట్టించగా, ఆ విద్యుత్తుతో మోటార్లు చక్రములను త్రిప్పును. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఇనుపరాతిని అనంతగిరి కొండలమీదుగా విశాఖపట్నము చేర్చు కొత్తవలస–కిరందుల్ మార్గమున మొదట పనిచేసినవి ఇట్టి ఇంజనులే. నేడు ఆ మార్గమునను, విజయనగరము–రాయపూరు మార్గమునను విద్యుత్తు రైళ్లు నడచుచున్నవి. నగరములలో డీజిల్ కార్లపై ఆంక్షలు పెరుగుచున్నవి. అయినను నిండు బరువుతో దూరభారము పోవు లారీకిని, దుక్కి దున్ను ట్రాక్టరుకును, సముద్రము దాటు ఓడకును డీజిల్ ఇంజను ఇంకను ఆధారమై యున్నది.

వ్యర్థమును చూచి ఓర్వలేని విద్యార్థి ఒకడు తన జీవితమును ధారపోసి లోకమునకు పొదుపైన బలము నేర్పెను. తన భారమును ఇతరులతో పంచుకొనుట మాత్రము నేర్వలేకపోయెను. ఎంతటి ఇంజనునకైనను మోయు బరువునకు ఒక పరిమితి కలదని అట్లనే మనుష్యునకును కలదని అతని చరిత్ర తెలుపుచున్నది. అప్పుల చిక్కులను ఇంటివారికిని, స్నేహితులకును దాచక చెప్పుకొనుట సిగ్గుచేటు కాదు. ఆ ఒక్క మాట ఆనాడు నోటికి వచ్చియుండినచో, తన ఇంజను లారీని లాగుట రుడాల్ఫ్ డీజిల్ కన్నులార చూచియుండెడివాడేమో.